నీళ్ళు లస్కరువి కావు

(పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో, రబీవుల్ అవ్వల్ నెలలో జరిగిన మీలాద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అస్సలాము అలైకుం. పెద్దలందరికీ నమస్కారం.

మసీదు కమిటీ వారు నన్ను తెలుగులోనే మాట్లాడమన్నారు. నాకూ అదే ఇష్టం. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా పుస్తకం పట్టుకుంటే తెలుగే. పైగా ముందు వరసల్లో మన ఊరి రైతులు కూర్చున్నారు, చర్చి నుంచి పాస్టరు గారు కూడా వచ్చారు. పిలిచి కూర్చోబెట్టి వాళ్ళకు అర్థం కాని భాషలో మాట్లాడటం మర్యాద కాదు.

ఇవాళ చాలామంది ప్రవక్తల పేర్లు వస్తాయి. ప్రతి పేరు దగ్గరా అలైహిస్సలాం అని, మన ప్రవక్త పేరు దగ్గర సల్లల్లాహు అలైహి వసల్లం అని మీరు మనసులో అనుకోండి. నేను ప్రతిసారీ పైకి అనకపోయినా నా మనసులో ఆ మాట ఉంటుంది.

పది రోజుల కిందట ఆదివారం క్లాసులో పదో తరగతి చదివే అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "సార్, ఖురాన్ ఉంది కదా. ప్రవక్త గారు అన్నీ చెప్పే వెళ్ళారు కదా. ఆయన తర్వాత ఎవరు అనే దాని గురించి పధ్నాలుగు వందల ఏళ్ళుగా ఇంత పట్టింపు ఎందుకు? పుస్తకం చాలదా?" అప్పటికి ఏదో చెప్పి పంపాను. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టలేదు. అంత మంచి ప్రశ్నకు సగం జవాబు చెప్పానే అని బాధ. అందుకే ఇవాళ మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే. ఆ అమ్మాయి ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది, ఇందాకే చూశాను.

ఈ నెల ప్రవక్త గారు పుట్టిన నెల అని జెండాలు కట్టుకున్నాం, పిల్లలకు మిఠాయిలు పంచాం. ఆయన కన్నుమూసింది కూడా ఈ నెలలోనే. హిజ్రీ 11, అంటే 632వ సంవత్సరం. ‘తర్వాత ఎవరు’ అనే ప్రశ్న పుట్టింది ఈ నెలలోనే. కాబట్టి దీని గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన రోజులు లేవు.

ఈ విషయం నాకు మొదట అర్థమైంది మదరసాలో కాదు, కాలువ గట్టు మీద. మా దాదా, అంటే మా తాతగారు, లస్కరుగా చేసేవారు. పెద్దవాళ్ళకు లస్కరు అంటే ఎవరో చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతాను. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ దాని తర్వాతది. అక్కడ నిలిచిన నీళ్ళు విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలోకి వస్తాయి. అందులోంచి నరసాపురం కాలువకు, అక్కణ్ణించి పిల్లకాలువకు, తూములోంచి బోదెకు, బోదెలోంచి మడికి. గోదారి నిండుగా పారుతున్నా సరే, మధ్యలో షట్టరు దగ్గర నమ్మకమైన మనిషి లేకపోతే శివారు మడికి చుక్క దిగదు. ఆ మనిషే లస్కరు.

దాదా తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవారు. షట్టరు ఎత్తే ఇనప చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసేవారు. దాళ్వా, అంటే రెండో పంట రోజుల్లో వంతులు పెడతారు కదా, ఆ రాత్రుళ్ళు ఆయనకు నిద్ర ఉండేది కాదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక రాత్రి లాంతరు పట్టుకుని వెంట వెళ్ళాను. ఎగువ ఊరి ఆసామి ఒకాయన గట్టు మీద కాపు కాసి ఉన్నాడు. చాలా మంచిగా మాట్లాడాడు. "సాయిబు గారూ, నాలుగు చుట్లు ఎత్తండి చాలు. తెల్లారేలోపు దించేద్దురు గాని" అన్నాడు. దాదా అన్నారు: "నీళ్ళు నావైతే ఎనిమిది చుట్లు ఎత్తేవాణ్ణి బాబూ. నావి కావు." ఆయన వెళ్ళిపోయాక కూడా దాదా చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడ్డారు. చక్రానికి పూసిన గ్రీజు అరచేతికి అంటుకుని లాంతరు వెలుగులో నల్లగా మెరిసింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నీళ్ళు నావి కావు. ప్రవక్తల వారసుల గురించి నేను చదివిందీ, పెద్దల దగ్గర విన్నదీ అంతా ఆ మాట దగ్గరికే వచ్చి ఆగింది. షట్టరు దగ్గర మనిషి లేకపోతే పొలం ఎండుతుంది. ఉన్న మనిషి నీళ్ళు తనవే అనుకుంటే ఊరు ఎండుతుంది.

మాటల సంగతి కొంచెం చెప్పుకుందాం. ఖలీఫా అంటే చాలామంది రాజు అనుకుంటారు. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం వెనక వచ్చినవాడు, ఒకరి స్థానంలో నిలబడినవాడు. వసీ అంటే పోయేవారు తమ పని ఎవరికి అప్పగించి వెళ్తారో ఆ మనిషి. వారిస్ అనే మాట నుంచే మన తెలుగులో వారసుడు, వారసత్వం వచ్చాయి. అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చినది. మన కరణాల లెక్కల్లో ‘అనామతు’ అని రాసేవారే, అది ఈ మాటే. లస్కరు అనే మాటా అటు నుంచి వచ్చిందే. ఇన్ని మాటలు మన నోట్లో ఉన్నాయి కాబట్టి ఈ విషయం మనకు పరాయిది కాదని నా నమ్మకం.

ఇక కథలోకి వెళ్దాం. మూసా ప్రవక్త. చర్చికి వెళ్ళేవారు మోషే అంటారు. ఈజిప్టు రాజు ఫిరౌన్ దగ్గరికి వెళ్ళమని అల్లాహ్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆయన ఏమేం అడిగారో ఖురాన్ ఇరవయ్యో సూరాలో, అంటే అధ్యాయంలో ఉంది. నా గుండె విశాలం చెయ్యి, నా పని సులువు చెయ్యి, నా నాలుక ముడి విప్పు అన్నారు. ఆ వెంటనే, నా ఇంటివాళ్ళలోంచి నాకు ఒక తోడునివ్వు, నా సోదరుడు హారూన్‌ను ఇవ్వు, అతనితో నా నడుము గట్టి చెయ్యి అన్నారు. గమనించారా? చేతికర్ర పాముగా మారడం చూసినవాడు, సాక్షాత్తు దేవుడితో మాట్లాడుతున్నవాడు, నాకు ఇంకో మనిషి కావాలి అని అడిగాడు. అల్లాహ్ కూడా నేనుండగా నీకు మనిషెందుకు అనలేదు. అడిగింది ఇచ్చాం అన్నాడు. తోడు కావడం, స్థానంలో నిలబడటం అనేవి మనుషులు తర్వాత కల్పించుకున్న ఏర్పాటు కాదు. ఒక ప్రవక్త నోరారా అడిగి తెచ్చుకున్నది.

తర్వాత సముద్రం చీలింది. మూసా జనం, బనీ ఇస్రాయీల్, దాటారు. మూసా తూర్ కొండకు వెళ్ళారు. ముందు ముప్పై రాత్రులు అన్నారు, దానికి ఇంకో పది కలిశాయి. వెళ్ళేముందు హారూన్‌తో మూడు మాటలు చెప్పారు. నా జాతిలో నా స్థానంలో ఉండు. సరిదిద్దు. చెడగొట్టేవాళ్ళ దారి పట్టకు. ఏడో సూరాలో ఉంది ఈ మాట. ఒక వారసుడికి ఇచ్చే ఉద్యోగపత్రం ఇంత చిన్నగా, ఇంత పూర్తిగా ఇంకెక్కడా నాకు కనబడలేదు. ఏలుకో అనలేదు చూడండి, సరిదిద్దు అన్నారు.

నలభై రాత్రులు. నారు పోసిన రోజు నుంచి ఊడ్చిన చేను పచ్చగా తిరిగేంత కాలం, అంతే. మూసా చనిపోలేదు, పొరుగు దేశం పోలేదు, కొండ మీదే ఉన్నారు. ఆ జనం సముద్రం చీలడం తమ కళ్ళతో చూసినవాళ్ళు, బట్టలు ఇంకా ఆరాయో లేదో! అయినా నలభై రాత్రుల్లో సామిరీ అనేవాడు వాళ్ళ నగలు కరిగించి ఒక దూడ చేశాడు, అది అంబా అంటే దానికి మొక్కారు. మన దగ్గర డ్రెయిన్ల పక్కన పొలాలున్నవాళ్ళకు ఇది తెలుసు. పైనుంచి మంచినీళ్ళు తగ్గాయంటే సముద్రం వైపు నుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. మంచినీళ్ళు ఆగిన చోట నేల ఖాళీగా కూర్చోదు, ఉప్పు తేలుతుంది. ఒకసారి తేలిందంటే దాన్ని కడగడానికి ఎన్ని నీళ్ళు కావాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మరి హారూన్ ఉన్నారు కదా అంటారేమో. ఉన్నారు. బైబిలు చదివినవారికి ఈ ఘట్టం కొంచెం వేరేగా తెలుసు. ఖురాన్ మాత్రం హారూన్ తప్పేమీ లేదంటుంది. ఇది మీకు పరీక్ష, మీ ప్రభువు కరుణామయుడు, నా వెనక రండి అని ఆయన చెప్పారు. వాళ్ళు వినలేదు. మూసా తిరిగొచ్చి, కోపంతో ఫలకాలు పడేసి, హారూన్ తలా గడ్డం పట్టుకుని లాగారు. అప్పుడు హారూన్ అన్న మాట వినండి. "మా అమ్మ కొడుకా! నా గడ్డం పట్టుకోకు, నా తల పట్టుకోకు." తమ్ముడూ అనలేదు, ప్రవక్తా అనలేదు, మా అమ్మ కొడుకా అన్నారు. ఇద్దరూ ఒక తల్లి పాలు తాగినవాళ్ళు. "వీళ్ళు నన్ను బలహీనుడి కింద లెక్కకట్టారు, చంపబోయారు. నేను గట్టిగా తెగదెంపులు చేస్తే, బనీ ఇస్రాయీల్‌ను చీల్చావు అంటావేమోనని భయపడ్డాను."

ఈ మాట చదివినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది. వారసుడి కష్టమంతా ఇందులో ఉంది. చేతిలో కర్ర లేదు, మహిమ లేదు, జనం మాట వినరు. పోయినవాడు తిరిగొస్తే గడ్డం పట్టుకునేది ఇతన్నే. అయినా జనాన్ని ముక్కలు కానివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు. మూసా ఆ మాట విని ఏం చేశారు? ప్రభూ, నన్నూ నా సోదరుణ్ణీ క్షమించు అని ఇద్దరి కోసం కలిపి దుఆ చేశారు.

ఇంకో కథ మన నేలకు దగ్గరది. మూసా తర్వాత చాలాకాలానికి బనీ ఇస్రాయీల్ పెద్దలు తమ ప్రవక్త దగ్గరికి వచ్చి, మాకో రాజును పెట్టండి, ఆయన వెనక పోరాడతాం అన్నారు. అల్లాహ్ తాలూత్‌ను ఎంచాడు, బైబిల్లో సౌలు అంటారు. వెంటనే గొడవ మొదలైంది. అతనికి మా మీద పెత్తనమేంటి, మాకే ఎక్కువ హక్కుంది, అతని దగ్గర డబ్బు కూడా లేదు అన్నారు. మన పంచాయతీ ఎన్నికల్లో వినబడే మాటే. ఎంపికకు కొలత మీ డబ్బు కాదు, అతనికి అల్లాహ్ జ్ఞానమూ బలమూ ఇచ్చాడు అన్నది ప్రవక్త జవాబు.

దండు బయల్దేరాక తాలూత్ అన్నాడు: దారిలో ఒక ఏరు వస్తుంది, అది మీకు పరీక్ష. తాగినవాడు నావాడు కాడు. చేత్తో ఒక్క దోసెడు తీసుకుంటే ఫర్వాలేదు. ఎండలో నడిచొచ్చినవాళ్ళు ఏరు కనబడగానే పడి తాగారు, కొద్దిమంది తప్ప. ఆ కొద్దిమందే అవతలి ఒడ్డుకు చేరి జాలూత్ సేన ముందు నిలబడ్డారు. వాళ్ళలో దావూద్, అంటే బైబిల్లోని దావీదు, ఉన్నారు. బద్ర్ యుద్ధంలో ప్రవక్త గారి వెంట ఉన్న సహచరుల సంఖ్యా, తాలూత్ వెంట ఏరు దాటినవారి సంఖ్యా ఒకటేనని, మూడువందల పదిమంది పైచిలుకని సహాబాలు, అంటే ఆ సహచరులే, చెప్పుకునేవారు. ఏరు పక్కన పుట్టి పెరిగిన మనకు ఆ పరీక్ష ఎంత కష్టమో తెలుసు. నీళ్ళు కాళ్ళ ముందు పారుతున్నాయి, అడ్డం ఎవరూ లేరు, అయినా ఒక్క దోసెడుతో ఆగాలి.

ఇలాంటివి ఖురాన్‌లో ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పి ముందుకు వెళ్తాను. ముసలి జకరియ్యా, నా ఎముకలు సడలాయి, తల నెరిసి తెల్లగా మెరుస్తోంది, నాకూ యాఖూబ్ వంశానికీ ఒక వారసుణ్ణి ఇవ్వు అని మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడిగారు. యహ్యా పుట్టారు. దావూద్‌కు సులైమాన్ వారసుడయ్యారు. ఈసా, అంటే యేసు, అల్లాహ్ దారిలో నాకు తోడెవరు అంటే ఆయన శిష్యులు హవారీలు మేమున్నాం అన్నారు. ఇబ్రాహీంను ప్రజలకు ఇమామ్‌ను, అంటే నాయకుణ్ణి, చేస్తాను అని అల్లాహ్ అన్నప్పుడు, నా సంతానంలో కూడానా అని ఆయన అడిగారు. వచ్చిన జవాబు మనందరం గుర్తుపెట్టుకోవాల్సినది: నా మాట అన్యాయం చేసేవాళ్ళకు వర్తించదు. రక్తసంబంధం ఒక్కటే చాలదని అక్కడే తేలిపోయింది.

ఇప్పుడు మన ప్రవక్త దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. బనీ ఇస్రాయీల్‌ను ప్రవక్తలే నడిపించేవారు, ఒకరు పోతే ఇంకొకరు వచ్చేవారు, నా తర్వాత ప్రవక్త లేరు, ఖలీఫాలుంటారు అని ఆయనే చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు సంకలనాల్లోనూ ఉన్న హదీసు, అంటే ప్రవక్త గారి మాట, ఇది. అంటే పైనుంచి కొత్త నీరు ఇక రాదు. వచ్చిన నీటినే ప్రళయం దాకా చివరి పొలం వరకూ చేర్చాలి. ప్రవక్తల పరంపర ముగిసింది కాబట్టి వారసుల పని తగ్గలేదు, పెరిగింది.

622లో హిజ్రత్ రాత్రి, అంటే ప్రవక్త గారు మక్కా వదిలి మదీనాకు బయల్దేరిన రాత్రి సంగతి చూడండి. మక్కా పెద్దలు ప్రవక్త గారిని చంపాలని ఇంటి చుట్టూ కాపు కాశారు. విచిత్రం ఏంటంటే, ఆయన్ని నమ్మనివాళ్ళు కూడా తమ సొమ్ము ఆయన దగ్గరే దాచుకునేవారు. అల్ అమీన్, అంటే నమ్మకస్తుడు, అని పేరు మరి. ఆ రాత్రి ఆయన తన పచ్చని దుప్పటి ఇరవై ఏళ్ళు దాటిన తమ్ముడి వరస అలీకి కప్పి, తన పక్క మీద పడుకోబెట్టి వెళ్ళారు. పక్క మీద పడుకోవడం గురించి అందరూ చెబుతారు. నాకు ఎక్కువ ముఖ్యం అనిపించేది ఆ తర్వాతి మూడు రోజులు. ఆ మూడు రోజులూ అలీ మక్కాలోనే ఉండి, ఎవరి అమానత్ వారికి అప్పగించి, అప్పుడు మదీనా బయల్దేరారు. చంపడానికి వచ్చినవాళ్ళ సొమ్ము కూడా పైసాతో సహా! వారసుడి మొదటి పని అది.

తబూక్‌కు వెళ్ళేటప్పుడు, 630లో, దండుతో కదులుతూ, అలీని మదీనాలో ఉండమన్నారు. ఆడవాళ్ళ దగ్గరా పిల్లల దగ్గరా నన్ను వదిలి వెళ్తారా అని అలీ బాధపడితే, మూసాకు హారూన్ ఎలాగో నాకు నువ్వు అలా, కాకపోతే నా తర్వాత ప్రవక్త లేరు అన్నారు. ఇందాక హారూన్ కథ అంతసేపు ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసింది కదా.

632లో ప్రవక్త గారు కన్నుమూశారు. ఆయన సహచరుడు ఉమర్ అంతటి మనిషి తట్టుకోలేకపోయారు. ఆయన పోలేదు, మూసా నలభై రాత్రులు వెళ్ళి తిరిగొచ్చినట్టు వస్తారు, పోయారన్నవాడి సంగతి చూస్తాను అన్నారు. మళ్ళీ ఆ నలభై రాత్రులే! అప్పుడు ఇంకో సహచరుడు అబూ బకర్ వచ్చి, ముహమ్మద్‌ను ఆరాధించేవాళ్ళకు చెబుతున్నాను, ముహమ్మద్ చనిపోయారు. అల్లాహ్‌ను ఆరాధించేవాళ్ళకు చెబుతున్నాను, అల్లాహ్ సజీవుడు, ఆయనకు చావు లేదు అన్నారు. మూడో సూరాలోని ఆయతు, అంటే వాక్యం, చదివారు: ముహమ్మద్ ఒక ప్రవక్త మాత్రమే, ఆయనకు ముందు ఎందరో ప్రవక్తలు గడిచారు, ఆయన పోతే మీరు మడమల మీద వెనక్కి తిరిగిపోతారా? ఆ ఆయతు విన్నాక ఉమర్ కాళ్ళు నిలవలేదు. మదీనాలో ఆ రోజు దూడ లేవకుండా ఆపింది ఆ మాట.

తర్వాత ఎవరు అనే దగ్గర ముస్లింలలో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. దాచకుండా చెబుతాను. బనూ సాయిదా వారి పందిరి కింద పెద్దలు చేరి అబూ బకర్‌ను ఎన్నుకున్నారు. ప్రవక్త గారు జబ్బుగా ఉన్నప్పుడు నమాజు చేయించమని ఆయన్నే నిలబెట్టారు కాబట్టి అది సరైన ఎంపిక అని సున్నీల నమ్మకం. ఆయన తర్వాత ఉమర్, ఉస్మాన్, అలీ, 661 దాకా నలుగురు ఖలీఫాలు. షియాలు అలా అనరు. చివరి హజ్ నుంచి తిరిగొస్తూ జుల్ హిజ్జా 18న గదీరె ఖుమ్ దగ్గర ఎండలో అందరినీ ఆపి, అలీ చెయ్యి పైకెత్తి, నేను ఎవరికి మౌలానో అలీ వారికి మౌలా అన్నారు కదా, అదే నియామకం అంటారు. ఇమామ్‌ను ఎన్నుకునేది జనం కాదు, అల్లాహ్ నియమిస్తాడని, అలీతో మొదలై పన్నెండు మంది ఇమాములని, పన్నెండో వారైన మహ్దీ ఇప్పటికీ కనబడకుండా ఉన్నారని వారిలో ఎక్కువమంది విశ్వాసం. గదీర్ మాటను సున్నీలూ ఒప్పుకుంటారు. కాకపోతే మౌలా అంటే ఇక్కడ ఆప్తుడు, ప్రేమించదగినవాడు అని అర్థం చెబుతారు.

నేను సున్నీ ఇంట్లో పుట్టాను. నలుగురు ఖలీఫాల మీదా నాకు సమానమైన గౌరవం. అలీ పేరు, ఆయన భార్య, ప్రవక్త గారి కూతురు ఫాతిమా పేరు, వాళ్ళ కొడుకులు హసన్ హుసైన్‌ల పేర్లు చెప్పినప్పుడు మా అమ్మ కొంగు తల మీదికి లాక్కునేది. ఆ ప్రేమ కూడా నాకు ఆ ఇంట్లోనే దొరికింది. ఎవరు అన్న దగ్గర తేడా ఉన్నా, ఒకరు ఉండాలా అన్న దగ్గర ఇద్దరికీ తేడా లేదు. ఆ ‘ఒకరు’ కోసం ప్రాణం ఇచ్చేంత ముఖ్యం అనుకున్నారు కాబట్టే ఇంత పట్టింపు.

పుస్తకం చాలదా అని అడిగావు కదమ్మా. ఈ ఒక్కటి విను. ప్రవక్త గారు వెళ్ళిపోయే నాటికి ఖురాన్ జనం గుండెల్లో ఉంది, ఖర్జూర మట్టల మీద, పలచటి రాళ్ళ మీద, తోలు ముక్కల మీద రాసి ఉంది. రెండు అట్టల మధ్య పుస్తకంగా లేదు. యమామా యుద్ధంలో ఖురాన్ కంఠస్థం చేసినవాళ్ళు చాలామంది చనిపోయారు. ఉమర్ కంగారుపడి అబూ బకర్ దగ్గరికి వెళ్ళారు. ప్రవక్త గారు చెయ్యని పని నేనెలా చేస్తాను అని అబూ బకర్ ముందు వెనకాడారు, తర్వాత ఒప్పుకున్నారు. జైద్ బిన్ సాబిత్ అనే యువకుడికి అప్పగించారు. ఒక కొండను కదపమన్నా నాకు ఇంత బరువుగా ఉండేది కాదు అన్నాడు జైద్. అలా చేర్చిన రాతప్రతి అబూ బకర్ దగ్గర, తర్వాత ఉమర్ దగ్గర, ఆ తర్వాత ఆయన కూతురు, ప్రవక్త గారి భార్య హఫ్సా దగ్గర ఉంది. దాన్నుంచే ఉస్మాన్ ప్రతులు రాయించి ఊళ్ళకు పంపారు. ఇవాళ నీ చేతిలో ఉన్న పుస్తకం అలా వచ్చింది. పుస్తకం చాలు అనాలన్నా, ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కాపాడినవాళ్ళ పేర్లు చెప్పుకోకుండా అనలేం.

వాళ్ళు ఎలా బతికారో కూడా చూడండి. అబూ బకర్ పొరుగిళ్ళవాళ్ళకు మేకల పాలు పిండి పెట్టేవారట. ఖలీఫా అయ్యారని తెలిసి ఒక చిన్నపిల్ల, ఇక మా మేకల పాలు ఎవరు పిండుతారు అంది. నేనే పిండుతాను, ఈ పదవి నన్ను మార్చదని ఆశ పడుతున్నాను అన్నారని చెబుతారు. నేను మీలో అందరికంటే మంచివాణ్ణి కాను, బాగా చేస్తే సాయం చెయ్యండి, తప్పు చేస్తే సరిదిద్దండి అన్నది ఆయన మొదటి ప్రసంగం. అలీ ఈజిప్టుకు పంపిన మాలిక్ అష్తర్‌కు రాసినట్టు చెప్పే లేఖలో ఒక మాట ఉంది: ప్రజలు రెండు రకాలు, ఒకరు ధర్మంలో నీ సోదరులు, రెండోవారు సృష్టిలో నీలాంటివారు. ఈ సభలో రెండు రకాలవారూ పక్కపక్కన కూర్చున్నారు, అందుకే ఈ మాట చెప్పాలనిపించింది.

నీళ్ళు నావే అన్నవాడి కథ కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఆ నలుగురి తర్వాత ఏలిన ముఆవియా తన కొడుకు యజీద్‌ను తన తర్వాతివాడిగా ప్రకటించాడు. అమానత్ అక్కడ ఆస్తి అయింది. ప్రవక్త గారి మనవడు హుసైన్ యజీద్ చేతిలో చెయ్యి వేసి ఏలిక అని ఒప్పుకోనన్నారు. హిజ్రీ 61, మొహర్రం. కర్బలాలో యూఫ్రటీస్ నది దగ్గర్లోనే ఉన్నా, ఏడో తేదీ నుంచి నీళ్ళు అందకుండా సైన్యాన్ని కాపలా పెట్టారు. పిల్లలు దాహం అని ఏడుస్తుంటే హుసైన్ తమ్ముడు అబ్బాస్ తోలుసంచి తీసుకుని నదికి వెళ్ళారు. నింపుకుని వస్తుంటే రెండు చేతులూ నరికారు. సంచిని పళ్ళతో పట్టుకున్నారని చెబుతారు. దానికి బాణం తగిలి నీళ్ళు ఇసకలో ఇంకిపోయాయి. పదో తేదీన, 680 అక్టోబరులో, హుసైన్ షహీద్ అయ్యారు. మన డెల్టా ఊళ్ళలో పీర్ల పండక్కి హిందువులూ వచ్చి పానకం పోస్తారు. దాహంతో పోయినవాళ్ళ పేరు మీద పోసే నీళ్ళవి. ఏటి ఒడ్డున పుట్టి, నీళ్ళు ఆపేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు కాబట్టి ఆ కథ విన్నప్పుడు మన ఆడవాళ్ళకు కళ్ళ నీళ్ళు ఆగవు.

ఖలీఫాలూ ఇమాములూ సరే, మనలాంటి మామూలు ఊళ్ళకు ధర్మం ఎవరు తెచ్చారు? పండితులు ప్రవక్తల వారసులు, ప్రవక్తలు దీనార్లూ దిర్హాంలూ వదిలిపోరు, జ్ఞానమే వదిలిపోతారు అని హదీసు. రాజమండ్రి పెద్ద మసీదు మీద 1324 నాటి శాసనం ఉంది. ఏడు వందల ఏళ్ళుగా గోదారి గట్టున ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి నేర్పుతూనే ఉన్నారు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు ఒక పీఠానికి అధిపతిగా ఉంటూ తెలుగులో పద్యాలు రాశారు. నాకు అరబ్బీ అక్షరాలు అలిఫ్, బే నేర్పింది మా వీధి ఖాలా ఒకావిడ. బట్టలు కుడుతూ నేర్పేది. తప్పు చదివితే కుట్టుమిషను చక్రం ఆపేది, సరిగ్గా చదివితే మళ్ళీ తిప్పేది. తిట్టడం, కొట్టడం ఏమీ లేదు. ఆ చక్రం ఆగిందంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. ఆవిడకు ఎవరు నేర్పారో ఆవిడ చెప్పేది, వాళ్ళకు ఎవరు నేర్పారో కూడా చెప్పేది.

దాదా రిటైరైన రోజు నేను పక్కనే ఉన్నాను. కొత్తగా వచ్చిన కుర్రాడికి తాళంచెవి వెంటనే ఇవ్వలేదు. ముందు అతన్ని గట్టు వెంట దిగువకు నడిపించుకుని వెళ్ళారు, రెండు మైళ్ళు ఉంటుంది. శివారు మడి దగ్గర ఆగి, కాలితో మట్టి కదిపి చూపించి, "షట్టరు దగ్గర నిలబడినప్పుడు ఈ మడి నీకు కనబడదు. కనబడుతున్నట్టే తిప్పాలి" అన్నారు. అప్పుడు మొలతాడు విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

ఇషా నమాజుకు వేళవుతోంది, ముఅజ్జిన్ గారు నన్నే చూస్తున్నారు. అమ్మా, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయీ, వచ్చే ఆదివారం చిన్నపిల్లల క్లాసు నువ్వు తీసుకో. మూసా, హారూన్‌ల దగ్గర మొదలుపెట్టు. నేను వెనక బెంచీలో కూర్చుంటాను.